అధికారం అసలు ఎవరి చేతిలో ఉంటుంది? తూము దగ్గర మొదలైన ప్రశ్న

శివారు_పొలం (రాజోలు వైపు), ఆదివారం రాత్రి 8:50

అందరికీ నమస్కారమండి. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది కాలువకి చిట్టచివరి ఊరు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు వంతుల వారీగా ఇస్తారని మీకు తెలిసిందే. మొన్న మా వంతు వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. చేలు పొట్ట దశలో ఉన్నాయి, ఇప్పుడు తడి అందకపోతే ఇక తాలు గింజలే. ఒక పెద్ద నాయకుడికి ఫోన్ చేశాం. "చెప్పేశాను, వచ్చేస్తాయి" అన్నారు. ఒక అధికారికి చేశాం. "పైన వదిలేశాం, లెక్క ప్రకారం మీకు చేరాలి" అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదనే నా నమ్మకం.

రాత్రి పదకొండింటికి నేనూ మా తమ్ముడూ టార్చి పట్టుకుని కాలువ గట్టు వెంబడి పైకి నడిచాం. నాలుగు కిలోమీటర్లు పోయాక ఒక తూము దగ్గర షట్టరు పూర్తిగా పైకి లేపి ఉంది. స్క్రూకి కొత్తగా గ్రీజు రాసి ఉంది, టార్చి వెలుగులో మెరుస్తోంది. ఆ పక్కనే నాలుగు ఇటుకలు పేర్చుకుని, దుప్పటి కప్పుకుని ఒకతను కూర్చున్నాడు. అతను కాలువ తూములు చూసే ప్రభుత్వ లస్కరు కాదు. అతనికి ఏ పదవీ లేదు. పై ఊళ్లో ఒక పెద్ద కమతంలో జీతానికి ఉన్నాడట. "అయ్యగారు దించమంటే దించుతానండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

చట్టం ఉంది, వంతుల పట్టిక ఉంది, మేం ఓట్లేసి గెలిపించిన మనిషి ఉన్నాడు. ఇవేవీ ఆ ఇటుకలు దాటి మా చేనులోకి రాలేదు. అప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. పాలకుడు అధికారం ఎలా సంపాదిస్తాడు, ఎలా నిలబెట్టుకుంటాడు? నాకు తోచింది చెబుతాను. అధికారం పైనున్న మనిషిలో లేదు. అతని మాటను కిందికి మోసుకొచ్చే మధ్య మనుషుల్లో ఉంది. వాళ్లు మోసినన్నాళ్లే అతను పాలకుడు. నా ఆలోచన తప్పయితే చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దండి, దండం పెడతాను.

రామచంద్రపురం_మాస్టారు, ఆదివారం రాత్రి 10:15

బాబూ, నువ్వు తూము దగ్గర చూసింది ఈ నేల మీద వెయ్యేళ్ల కిందటే జరిగింది. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, కొంచెం పెద్దదిగా రాస్తాను, ఓర్చుకోండి.

రాజరాజనరేంద్రుడు అనగానే మనకి రాజమహేంద్రవరం, నన్నయ, భారతం గుర్తొస్తాయి. ఆయనకి సింహాసనం ఎంత కష్టంగా దక్కిందో ఎవరూ చెప్పుకోరు. తండ్రి విమలాదిత్యుడు పోయాక సవతి తమ్ముడు విజయాదిత్యుడు అడ్డం తిరిగాడు. అతని వెనుక పశ్చిమ చాళుక్యుల బలం ఉంది. మరి ఈయన వెనుక? తల్లి కుందవ్వ తంజావూరు రాజరాజ చోళుడి కూతురు. అంటే రాజేంద్ర చోళుడు స్వయానా మేనమామ. మేనమామ సైన్యం దిగితేనే 1022 ఆగస్టు 16న పట్టాభిషేకం జరిగింది. ఆ తేదీ మనకి చెప్పింది మన పక్క ఊరు కోరుమిల్లిలో దొరికిన రాగిరేకులే. తరవాత మేనమామ కూతురు అమ్మంగదేవినే పెళ్లి చేసుకున్నాడు.

కలిదిండి వెళ్లారా ఎప్పుడైనా? కొల్లేటికి అవతల. ఈయన తరఫున యుద్ధం చేస్తూ చనిపోయిన ముగ్గురు చోళ సేనాపతుల పేరు మీద అక్కడ మూడు శివాలయాలు కట్టించాడు. నేను ఆ శాసన పాఠం మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఆలోచించాను. తన కోసం చచ్చిన పరాయి దేశపు సైనికులకి ఒక రాజు గుడి కట్టించాడంటే అందులో కృతజ్ఞత ఉంది, నేను కాదనను. దానితో పాటు బతికున్న సేనాపతులకి ఒక మాట కూడా అందుతుంది: మీరు నా కోసం పోతే మీ పేరు నిలబెడతాను అని.

నందంపూడి అగ్రహారం సంగతి కూడా అలాంటిదే. నన్నయకి భారత రచనలో తోడుగా ఉన్న నారాయణభట్టుకి ఆ ఊరు దానంగా ఇచ్చాడు. కత్తి పట్టినవాడికి గుడి, కలం పట్టినవాడికి ఊరు. ఇన్ని చేసినా మధ్యలో కొన్నేళ్లు సింహాసనం తమ్ముడి చేతికి పోయి తిరిగొచ్చింది. ఈయన పోయాక ఈ వేంగి రాజ్యం మళ్లీ ఆ తమ్ముడిదే అయింది. కొడుకు మాత్రం 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు, అదీ తల్లి వైపు బంధుత్వంతోనే.

కాబట్టి నీ మాట నిజం. దానికి ఒక్కటి కలుపుతాను. మధ్య మనుషులు ఊరికే మొయ్యరు. వాళ్లకేం ముట్టిందో చూడు, రాజ్యం ఎన్నాళ్లు ఉంటుందో తెలుస్తుంది.

కాకినాడ_కుర్రాడు, ఆదివారం రాత్రి 10:40

మాస్టారూ, చాలా బాగా చెప్పారండి. ఒక సందేహం. మధ్య మనుషులు ఆశపడి మోస్తారా, భయపడి మోస్తారా? ఆ ఇటుకల మీద కూర్చున్నతనికి ఏం ముట్టి ఉంటుంది? రాత్రంతా దోమల్లో కూర్చున్నాడంటే అది ఆశలా కనిపించట్లేదు నాకు.

పాత_అడంగల్ (ముమ్మిడివరం), సోమవారం ఉదయం 6:20

తమ్ముడూ, మూడోది ఒకటుంది. అలవాటు. ఆశకీ భయానికీ లెక్క ఉంటుంది కానీ దీనికి ఉండదు. అది నేను మా ఇంట్లోనే చూశాను.

మా నాన్నగారు కరణం. మా తాతగారూ కరణమే. ఇంటి ముందు పెద్ద అరుగు, అరుగు మీద చెక్కపెట్టె, అందులో ఏ చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే అడంగలు, ఊరి పటం, శిస్తు లెక్కలు. నాన్నగారి జీతం ఇల్లు గడవడానికి కూడా చాలేది కాదు. అయినా ఊళ్లో రెండు వందల ఎకరాల ఆసామి కూడా ఆ అరుగు కింద చెప్పులు విప్పి నిలబడేవాడు. ఎందుకు? ఫలానా చేను ఎవరి స్వాధీనంలో ఉంది అన్నది ఆ పుస్తకంలో ఏం రాస్తే అదే నిజం. కోర్టుకెళ్లినా జడ్జిగారు అడిగేది ఆ పుస్తకమే.

ఒకసారి, నాకు పదేళ్లుంటాయి, ఒక రైతు ఇత్తడి చెంబుతో నెయ్యి తెచ్చి అరుగు మీద పెట్టి నిలబడ్డాడు. నాన్నగారు పెట్టె తెరవలేదు. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా వేరే పనులు చేసుకుంటూనే ఉన్నారు. ఆయన కాదనలేదు, అవుననలేదు. ఆ మనిషి ఎండ మారినప్పుడల్లా నీడలోకి జరుగుతూ నిలబడే ఉన్నాడు. నేను మా నాన్నని ప్రేమించాను, ఈరోజుకీ ప్రేమిస్తాను. కానీ ఆ చెంబు నాకు కళ్లలోనే ఉంది. ఆ మనిషికి కోపం రాలేదు చూడండి, నాకు ఇప్పటికీ అదే బాధ. కరణం దగ్గర నిలబడాలి, అంతే అనుకున్నాడు. అతని తండ్రీ అలాగే నిలబడి ఉంటాడు.

1984 మొదట్లో ప్రభుత్వం మునసబు, కరణాల వంశపారంపర్య ఉద్యోగాలు ఒక్క దెబ్బతో తీసేసింది. నాన్నగారు పుస్తకాలన్నీ గోనెపట్టాలో మూటగట్టి తాసీల్దారు కచేరీలో అప్పజెప్పి వచ్చారు. ఆ వారంలోనే అరుగు మీదకి మనుషులు రావడం ఆగిపోయింది. మనిషి మారలేదు, ఇల్లు మారలేదు, అరుగు మారలేదు. వెళ్లింది పుస్తకం ఒక్కటే.

అప్పుడు ప్రభుత్వం ఆ పని ఎందుకు చేసిందో పెద్దయ్యాక అర్థమైంది. అన్యాయం పోవాలన్నది నిజమే. ఇంకోటి కూడా ఉంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పదవికి ప్రభుత్వం మారినా భయం లేదు. దానికి ఎవరి దయా అక్కర్లేదు. కొత్తగా వచ్చిన పాలకుడు అలాంటివాణ్ణి ఊరూరా ఉంచుకోలేడు. ఆ మరుసటి ఏడే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఊరి నుంచి ప్రభుత్వానికి దారి దగ్గరైంది, దారి మధ్యలో కూర్చునే మనుషులు కొత్తవాళ్లయ్యారు.

గట్టు_మీద_ఇల్లు (ధవళేశ్వరం), సోమవారం మధ్యాహ్నం 1:30

అందరూ మధ్య మనుషుల దగ్గరే ఆగిపోతున్నారు. నేను ఒప్పుకోనండి. కింద జనానికి ఏదో మేలు కనిపించకపోతే మధ్యలో ఎంతమంది ఉన్నా రాజ్యం నిలవదు. మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే దానికి సాక్ష్యం కనబడుతుంది.

మన సర్కారు జిల్లాలు ఇంగ్లీషు వాళ్ల చేతికి ఎలా వచ్చాయి? 1758లో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో విజయనగరం ఆనంద గజపతిరాజుతో కలిసి ఫ్రెంచి వాళ్లని కొట్టారు. 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర ఫర్మానా, ఆ మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం. ఇదంతా తుపాకీ, కాగితం. ఆ తరవాత ఎనభై ఏళ్లు ఏం చేశారు? జమీందార్ల మీద శిస్తు గుంజడం. 1802లో శాశ్వత శిస్తు పెట్టారు. కట్టలేక జమీందారీలు వేలానికొచ్చాయి. పెద్దాపురం లాంటి సంస్థానం కూడా బకాయిల్లో మునిగి కంపెనీ చేతికే పోయింది. 1832-33 నందన కరువులో జనం రాలిపోయారు. ఆ రోజుల్లో ఇక్కడ తెల్లదొరని ఎవరైనా మనసారా తలిచి ఉంటారా?

1847లో కాటన్ పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. ఇవాళ 10 లక్షల ఎకరాలు ఆ నీళ్ల మీద పండుతున్నాయి. స్నానం చేసేటప్పుడు ఆయన పేరు శ్లోకంలో చెప్పుకునేవాళ్లు మా రేవులో ఇప్పటికీ ఉన్నారు. మన మీద పెత్తనం చేసిన కంపెనీ ఉద్యోగి పేరు గోదారమ్మ ఒడ్డున మంత్రంలో చేరింది. ఇది ఏ సైన్యం చేయించగలదు?

రామచంద్రపురం_మాస్టారు, సోమవారం మధ్యాహ్నం 2:05

కాటన్ మీద నాకూ గౌరవమే నాయనా. కంపెనీ డబ్బు ఇచ్చింది మాత్రం శిస్తు పెరుగుతుందనే. కాలువ తవ్వాక రైతు కంపెనీ నీళ్లకి కట్టుబడిపోయాడు. చెరువు నీళ్లు, వాన నీళ్లు వాడుకున్న రోజుల్లో పాలకుడు లేకపోయినా సేద్యం జరిగేది. లాకులు వచ్చాక తలుపు ఎవరిదో సేద్యం వాళ్లది. మేలూ, కట్టుబాటూ ఒకే కాలువలో వచ్చాయి. శివారు_పొలం బాధ కూడా ఆ కట్టుబాటులోంచి వచ్చిందే కదా.

గట్టు_మీద_ఇల్లు, సోమవారం మధ్యాహ్నం 2:20

అది నిజమేనండి. కాదనలేను. కానీ ఆ కట్టుబాటు లేకపోతే మా ముత్తాత బతికి ఉండేవాడు కాదని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆ లెక్క కూడా లెక్కే.

మాజీ_సర్పంచి (ఆచంట వైపు), సోమవారం రాత్రి 9:10

మధ్య మనుషులు, మధ్య మనుషులు అంటున్నారు. ఆ మధ్యలో నేనూ అయిదేళ్లు కూర్చున్నాను, అందుకని చెబుతున్నాను.

మా ఊరు మహిళకి రిజర్వు అయింది. మా ఆయన నిలబడలేరు కాబట్టి నన్ను నిలబెట్టారు. గెలిచాక ఏడాది పాటు పంచాయతీ ఆఫీసులో నా కుర్చీలో ఆయనే. నాకు తీర్మానాల పుస్తకం ఇంటికి వచ్చేది. కొన్ని పేజీలు ఖాళీగా ఉండేవి. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో చిన్న గుర్తు ఉండేది. పొయ్యి మీద కూర కదుపుతూ, చెయ్యి చీరకి తుడుచుకుని పెట్టేసేదాన్ని. చెక్కులూ అంతే.

ఒకరోజు మా డ్వాక్రా గ్రూపు అమ్మాయి అడిగింది, "అక్కా, మన వీధి డ్రైన్‌కి బిల్లు అయిందంట కదా, డ్రైన్ ఏది?" అని. నాకు సిగ్గేసింది. మర్నాడు పుస్తకం వస్తే సంతకం పెట్టలేదు. చదివి వినిపించండి అన్నాను. అంతే, ఇంట్లో గొడవ, బయట గొడవ. మూడు రోజులు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. "ఏంటమ్మా, ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగినవాళ్లే అందరూ. నాకే ఒక ఆలోచన వచ్చి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. మూడో రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెన్షన్‌తో కాదు. నేను చెయ్యి కదపకపోతే ఏదీ కదలదని అప్పుడే మొదటిసారి తెలిసింది. అన్నాళ్లూ నాకు అధికారం లేదనుకున్నాను. ఉంది, దాన్ని నేనే రోజూ కూర కదుపుతూ వేరేవాళ్ల చేతిలో పెట్టాను.

ఆ తరవాత గ్రామసభలో ప్రతి బిల్లూ పైకి చదివించాను. అందరికీ మంచిదాన్ని కాలేకపోయాను, రెండోసారి గెలవలేదు. అది వేరే సంగతి.

ఇంకో ముక్క. పైనున్నవాళ్లకి మా కుర్చీ అంటే భయం ఉందని నాకు తెలుసు. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, అయిదేళ్లకోసారి ఎన్నిక పెట్టి తీరాలి అని. మన దగ్గర పంచాయతీల గడువు 2011లో తీరితే ఎన్నికలు 2013లో జరిగాయి. మళ్లీ 2018లో తీరితే 2021లో జరిగాయి. అధికారంలో ఉన్న పార్టీలు వేరు వేరు, పద్ధతి ఒకటే. మధ్యలో స్పెషల్ ఆఫీసర్లు. ప్రత్యేకాధికారి బదిలీకి భయపడతాడు, సర్పంచి ఊరికి భయపడుతుంది. పై వాళ్లకి ఎవరు కావాలో మీరే చెప్పండి.

కాకినాడ_కుర్రాడు, సోమవారం రాత్రి 9:25

అక్కా, ఇది రెండుసార్లు చదివానండి. మా అమ్మకి చదివి వినిపించాను.

నిర్వాహకులు, సోమవారం రాత్రి 11:00

ఈ చర్చలో ఇప్పటి నాయకుల మీద తిట్లున్న మూడు సమాధానాలు తొలగించాం. చరిత్రలో జరిగినవి పేర్లతో రాయవచ్చు. దయచేసి ఇదే మర్యాద కొనసాగించండి.

నరసాపురం_ప్యాసింజర్, మంగళవారం ఉదయం 7:45

శివారు_పొలం గారి మాటకి మన రాష్ట్రంలోనే ఒకే మనిషి జీవితంలో రెండు వైపులా సాక్ష్యం ఉంది. ఎన్టీఆర్.

1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన్ని పదవి నుంచి దించి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. నేనప్పుడు భీమవరంలో డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలోంచి అందరం రోడ్డు మీదకి వచ్చేశాం. అప్పటిదాకా రాజకీయం తెలియని మా పక్కింటి బండి తోలే మావయ్య కూడా వచ్చాడు. పైన ఎమ్మెల్యేలు చెదిరిపోకుండా కర్ణాటక తీసుకెళ్లి దాచుకున్నారు. సరిగ్గా నెల తరవాత సెప్టెంబరు 16న ఆయన మళ్లీ ముఖ్యమంత్రి. నాకు అప్పట్లో జనమే గెలిపించారనిపించింది. జనం గొడవ లేకపోతే ఎమ్మెల్యేలు నిలబడేవారు కాదు, అది నిజం. ఎమ్మెల్యేలు నిలబడకపోయి ఉంటే మా గొడవ కూడా రోడ్డు మీదే ఆగిపోయేది, అదీ నిజం.

1994 చివర్లో ఆయన అంతకన్నా పెద్ద గెలుపు గెలిచారు. తొమ్మిది నెలలు తిరగలేదు, 1995 ఆగస్టులో అదే పార్టీ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు వైపు వెళ్లారు. సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి మారారు. మనిషి ఆయనే, ఓటేసిన జనం వాళ్లే, ఓట్లు ఇంకా ఎక్కువే. ఈసారి రోడ్డు మీదకి 1984లా ఎవరూ రాలేదు. నేనూ వెళ్లలేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది, సెలవు పెట్టాలని కూడా అనిపించలేదు.

ఎందుకు వెళ్లలేదా అని ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. మొదటిసారి బయటివాళ్లు లాక్కున్నట్టు అనిపించింది. రెండోసారి ఇంటి గొడవలా కనిపించింది. అధికారం లాక్కోవాలంటే అది ఇంటి గొడవలా కనబడేలా చేస్తే సగం పని అయిపోయినట్టే అని నాకు అర్థమైంది. ఎవరు మంచి, ఎవరు చెడు అన్న జోలికి పోవట్లేదండి.

కౌలు_చేను (మలికిపురం), మంగళవారం మధ్యాహ్నం 12:30

మీరంతా చదువుకున్నవాళ్లు. నేను అయిదెకరాలు మక్తాకి, అంటే కౌలుకి చేస్తున్నాను. పదిహేనేళ్లుగా అదే చేను. ఏ మూల నీళ్లు నిలబడతాయో, ఎక్కడ ఎలుక బొరియలు వస్తాయో నాకు తెలుసు. కాగితం మీద ఆ చేనులో నేను లేను.

2011లో కౌలుదార్లకి గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో పదకొండు నెలల ఒప్పందంతో ఇంకో చట్టం వచ్చింది. ఆ రెండో దానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే రేపు పొలం నాదంటాడేమో అని ఆయన భయం. ఆయన చెడ్డవాడు కాదండి, మా అమ్మాయి పెళ్లికి సాయం చేశాడు. సంతకం మాత్రం చెయ్యడు. తుఫాను వస్తే పరిహారం ఎవరికి రావాలి? పేరున్నవాళ్లకి.

2011లోనే కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని పంట విరామం ప్రకటించారు. రాష్ట్రమంతా మన వైపు చూసింది. ఆ నిర్ణయం చేసినప్పుడు కౌలుదారుని, కూలీని ఎవరైనా అడిగారా? ఆ సార్వాలో, అంటే తొలి పంట కాలంలో, మా ఇంటిది రోజూ పనికి పొరుగూరు వెళ్లింది. ప్రభుత్వం మీద తిరగబడటానికి కూడా ముందు పేరు కాగితం మీద ఉండాలి. మీ మధ్య మనుషుల లెక్కలో కిందవాళ్లని మర్చిపోకండి.

పాత_అడంగల్, మంగళవారం మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, నువ్వు రాసింది చదివితే మా నాన్నగారి చెక్కపెట్టె మళ్లీ తెరిచినట్టుంది. పెట్టె పోయింది గానీ అందులో పేరు లేని మనిషి ఇంకా అరుగు కిందే ఉన్నాడు.

యానాం_ఏటిగట్టు, మంగళవారం సాయంత్రం 5:40

మా ఊరి మాట కూడా కలుపుతాను. చుట్టూ తూర్పు గోదావరి, మధ్యలో ఫ్రెంచి జెండా. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఏడేళ్లు మేం వేరే ప్రభుత్వం కింద ఉన్నాం. పాలకులు ఎక్కడో పుదుచ్చేరిలో, ఆపైన పారిస్‌లో. ఇక్కడ కొద్దిమంది పోలీసులు, ఒక కచేరీ, ఒక జెండా కర్ర.

చిన్నప్పుడు మా మామ్మ చెప్పేది. బాల్యవివాహాలు కూడదని శారదా చట్టం వచ్చాక బ్రిటిషు వైపు జనం పిల్లల్ని బళ్లలో ఎక్కించుకుని పెళ్లిళ్లకి యానాం వచ్చేవారట. ఒక్క పొలిమేర దాటితే చట్టం మారిపోయేది. అందుకే కళ్యాణాల యానాం అని పేరు పడింది. పసిపిల్లల బతుకులు ఏమయ్యాయోనని మామ్మ బాధపడేది, ఆవిడ పెళ్లీ అలాంటిదే.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో కార్యకర్తలు కచేరీ స్వాధీనం చేసుకుని మన జెండా ఎగరేశారు. ఆ ఏడాది నవంబరు 1న పుదుచ్చేరితో పాటు పాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. కాగితాల మీద పూర్తయింది 1962లో. నన్నడిగితే అసలు పాలన అంతకు ముందే పోయింది. చుట్టూ ఉన్న నేల మాది కాదు, మేం తినే బియ్యం ఆ నేల మీంచే రావాలి, మా చుట్టాలందరూ అవతలి వైపే. ఇక పారిస్ మాట ఇక్కడ ఎవరు మోస్తారు?

కాకినాడ_కుర్రాడు, మంగళవారం రాత్రి 10:05

నేను అడగాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఇంత చెప్పుకున్నాం, డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు.

పోయినసారి ఎన్నికలకి రెండు రోజుల ముందు రాత్రి మా వీధిలోకి ఇద్దరు వచ్చారు. చేతిలో ఓటరు జాబితా. మా ఇంట్లో ఎన్ని ఓట్లో వాళ్లకి తెలుసు, మా అక్క హైదరాబాదు నుంచి వస్తుందా లేదా అన్నది కూడా తెలుసు. మా నాయనమ్మ చేతిలో కవరు పెట్టారు. మర్నాడు ఇంకో పార్టీ వాళ్లు వచ్చారు. ఆవిడ రెండు కవర్లూ తీసుకెళ్లి దేవుడి పటం వెనక పెట్టింది. నాకు కోపం వచ్చి ఎందుకు తీసుకున్నావని అరిచాను. "తీసుకోకపోతే మనం ఎటో వాళ్లకి తెలిసిపోతుందిరా" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఎవరికి వేసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆశకని తీసుకుందనుకున్నాను, భయానికి తీసుకుంది. నా మొదటి ప్రశ్నకి జవాబు మా ఇంట్లోనే దొరికింది.

ఇంకొకటి. పశ్చిమ గోదావరిలో 2014లో 15 సీట్లకి 15 ఒకే పక్షానికి వచ్చాయి. 2019లో ప్రత్యర్థి పార్టీకి 13. 2024లో ఉభయ గోదావరి జిల్లాల్లో ఉన్న 34కి 34 మళ్లీ మొదటి వైపే. కవర్లు అన్ని వైపుల నుంచీ వచ్చాయి కదా. మరి కవరే గెలిపిస్తే ఇంత తిరగబడటం ఎలా జరిగింది? మా నాయనమ్మ లాంటివాళ్లు లోపల ఏదో లెక్క వేసుకుంటున్నారని నాకు గట్టి నమ్మకం.

రామచంద్రపురం_మాస్టారు, మంగళవారం రాత్రి 10:50

నీ నాయనమ్మకి నా నమస్కారం చెప్పు.

ఆ లెక్క ఎప్పుడు బయటపడుతుందో పాలకుడికి తెలియదు. 1879లో రంప మన్యంలో ఇలాగే అయింది. ప్రభుత్వం తరఫున అక్కడ పెత్తనం చేసే మన్సబుదారు ఈత, జీలుగ కల్లు మీద చిగురుపన్ను వేశాడు. దానికి తోడు కొత్తగా వచ్చిన అబ్కారీ నిబంధనలు, పోలీసుల వసూళ్లు. అడవి మనుషులు ఎన్నో ఏళ్లు ఓర్చుకున్నారు. కంపెనీ నాటి నుంచి ప్రభుత్వం ఆ మన్సబుదారుణ్ణే మధ్యలో పెట్టుకుని నిశ్చింతగా ఉంది. ఒక్కసారిగా పోలీసు ఠాణాల మీద పడ్డారు, మద్రాసు నుంచి సైన్యం దిగాల్సి వచ్చింది. చివరికి ప్రభుత్వం ఆ మన్సబుదారునే తీసేసింది. మధ్య మనిషిని పెట్టుకుంటే పైవాడికి కింద ఏం జరుగుతోందో వినపడదు. పాలకులు చాలామంది పోయేది శత్రువు వల్ల కాదు, ఈ చెవుడు వల్ల.

మాజీ_సర్పంచి, బుధవారం ఉదయం 6:40

శివారు_పొలం తమ్ముడూ, ఇంతమందిమి ఇంత రాశాం. నువ్వు మళ్లీ కనబడలేదు. చేను ఎలా ఉంది? ఆ ఇటుకల మీద కూర్చున్నతని పేరు అడిగావా?

పాత_అడంగల్, బుధవారం ఉదయం 7:15

నాదీ ఒక సలహా. సమాచార హక్కు చట్టం కింద రెండు అడగండి. మీ కాలువ మీద ఈ దాళ్వా వంతుల పట్టిక ఒకటి, ఒక్కో తూముకి మంజూరైన కొలత ఒకటి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఈ దాళ్వాకి అక్కరకి రాకపోవచ్చు, వచ్చే ఏడాదికి చేతిలో ఉంటుంది. ఆ తూము ఎంత వెడల్పు ఉండాలో కాగితం మీద ఉంటే, ఎవరు ఎంత లేపారో నోటితో వాదించక్కర్లేదు. దరఖాస్తు నేను రాసిపెడతాను.

శివారు_పొలం, బుధవారం రాత్రి 9:30

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నందుకు క్షమించండి. రెండు రాత్రులు గట్టు మీదే ఉన్నాం.

అక్కా, మొదటి రాత్రి పేరు అడగలేదు. సోమవారం మీరు రాసింది చదివాక తలెత్తుకోలేకపోయాను. నిన్న రాత్రి మళ్లీ వెళ్లాం. ఈసారి మా ఊరి నుంచి ముప్పై మందిమి, లస్కరుని కూడా వెంటబెట్టుకుని వెళ్లాం. కౌలుకి చేసేవాళ్లనీ పిలిచాం, ఇదివరకు ఎప్పుడూ పిలవలేదు. అతను భయపడి లేచి నిలబడ్డాడు. మేం కొట్టడానికి వచ్చామనుకున్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పేరు అడిగాను. చెప్పాడు. ఇక్కడ రాయను, ఉద్యోగం పోతుంది. వాళ్ల అత్తగారిది మా పక్క ఊరే, శివారే. ఆ చేలకీ నీళ్లు లేవని అతనికి తెలుసు. రాత్రి కాపలాకి విడిగా ఏమీ ఇవ్వరట, జీతంలోనే.

"నేను దించానని చెప్పకండి" అన్నాడు. లస్కరు నేనే దించానని రాసుకుంటానన్నాడు. చక్రం మాత్రం అతనే తిప్పాడు, అలవాటైన చెయ్యి కదా. నాలుగు చుట్లు దించాడు, మొత్తం మూయలేదు. వాళ్లకీ చేలున్నాయి, మేం కూడా మొత్తం మూయమనలేదు.

నీళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకి మా చేల పిల్లకాలువ, బోదెలోకి వచ్చాయండి. చివర రెండెకరాలకి ఇంకా అందలేదు. మళ్లీ వంతు శుక్రవారం. పాత_అడంగల్ గారూ, ఆ దరఖాస్తు రాసిపెట్టండి, ముప్పై మందిమీ సంతకాలు పెడతాం.